నల్లమంచు

నా చెయ్యి పడందే పీత కదలదు. ఈ మాట మా ఆఫీసులో మొదట అన్నవాడెవడో గానీ, పొగడ్త అనుకునే అన్నాడు. నేనూ వెర్రివాడిలా పొంగిపోయాను. అదే తర్వాత నా పీకకి చుట్టుకుంటుందని తెలిస్తే ఆ రోజే వాడి నోరు మూయించి ఉండేవాడిని.

పీత అంటే తినేది కాదు. అదొక యంత్రం. ఆరు కాళ్ళు, ముందు రెండు గోళ్ళు, పొట్ట కింద తవ్వడానికి ఒక బొక్కెన. అది ఉండేది ఒక తోకచుక్క మీద. ఆ తోకచుక్క సూర్యుడి చుట్టూ తిరిగి తిరిగి, తోక కూడా పోగొట్టుకుని, ఇప్పుడొక పెద్ద బొగ్గుపెళ్ళలా మిగిలింది. దాని కడుపులో మంచుంది. పీత ఆ మంచు తవ్వి పక్కనున్న తొట్టిలో పోస్తుంది. అక్కడది కరిగి, విడిపోయి, ఇంధనం అవుతుంది. ఆ ఇంధనంతో తిరిగే నౌకలు ఎండ తగ్గని ఎత్తులో పలకలు పరుస్తాయి. ఆ పలకలు పట్టిన ఎండే కరెంటై కిందికి దిగుతుంది. ఈ ఊళ్ళో వీధిదీపాలు, బస్సులు, ఆస్పత్రులు అన్నీ దానిమీదే నడుస్తున్నాయి. పొగ లేదు, మసి లేదు, ఎవరి పీకా నొక్కే పని లేదు. నా పీక తప్ప.

నేను పనిచేసే గది నేలకి దిగువన ఉంటుంది. కిటికీ ఒక్కటి కూడా లేదు. ఎదురుగా గోడంత తెర. దానిముందు రెండు కుర్చీలు, ఒక్కో కుర్చీకి ఒక్కో పిడి. పిడి తోసి పక్కనున్న మీట నొక్కితే ఆజ్ఞ బయలుదేరుతుంది. మేము దాన్ని ‘మాట’ అంటాం. మాట పీతను చేరి, పీత ఏం చేసిందో కబురు తిరిగొచ్చేలోగా టీ కాచి, వడపోసి, తాగి, గ్లాసు కడిగి బోర్లించవచ్చు. ఆ కబురు వచ్చేదాకా రెండో మాట పంపకూడదు. పూర్వం ఒకాయన మాట పంపి ఒంటేలుకి వెళ్ళాడట. ఆ మధ్యలో లోపలికొచ్చినవాడు మొదటిదానికి అడ్డంగా ఇంకో మాట పంపాడు. అప్పటి పాత యంత్రం రెండూ వినబోయి కాళ్ళన్నీ ఒకేసారి ఎత్తేసింది. అక్కడ బరువన్నది లేనట్టే. పట్టు వదిలితే తేలిపోవడమే, మళ్ళీ దొరకదు. అప్పటినుంచి మాట బయట ఉన్నంతసేపూ గది తలుపుకి తాళం పడిపోతుంది, పైన ఎర్రదీపం వెలుగుతుంది. లోపలివాళ్ళు లోపలే, బయటివాళ్ళు బయటే. ఎవరికి ఏ అవసరం ముంచుకొచ్చినా బిగబట్టుకుని కూర్చోవాల్సిందే. నా ఉద్యోగంలో సగం ఆ ఎర్రదీపం కిందే గడిచింది.

ఇక చెయ్యి సంగతి. పీతను చేసిన కంపెనీ వాళ్ళు దానికి కాస్త తెలివి పెట్టారు. నడిపేవాడి చెయ్యి ఎలా ఉందో చూసి, దానికి తగ్గట్టు నడక నేర్చుకుంటుంది. వైద్యుడికి హస్తవాసి అంటారే, అలాంటిదే అనుకోండి. మొదట్నుంచీ దాన్ని నేనే నడిపాను. ఏళ్ళు గడిచేసరికి అది నా చేతికి ఎంత అలవాటుపడిందంటే, ఇంకెవరు పిడి పట్టినా తాగినవాడిలా తూలుతుంది. నేర్చుకున్నది మరిపించాలంటే చేసినవాళ్ళే రావాలి. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది.

నా రిటైర్మెంటు వయసు దాటిపోయింది. మా డైరెక్టరు ‘ఇంకొక్క సీజను’ అన్నాడు. అది అయ్యాక మరొక్క సీజను అన్నాడు. మళ్ళీ అన్నాడు. ఆయన మంచివాడు, అదే నా ఖర్మ. చెడ్డవాడైతే నాలుగు తిట్టి వచ్చేసేవాడిని. ఆయన గొంతు పెంచడు. తన గదిలోకి పిలిచి, టీ ఇప్పించి, కిటికీలోంచి పాత బొగ్గు కేంద్రం పొగగొట్టం చూపిస్తాడు. పలకలు ఇంకా పూర్తిగా పరవలేదనీ, మంచు ఆగితే నౌకలు ఆగుతాయనీ, నౌకలు ఆగితే ఆ గొట్టం మళ్ళీ వెలిగించక తప్పదనీ చెబుతాడు. నేను పుట్టి పెరిగింది ఆ గొట్టం నీడలోనే. మా అమ్మ తెల్లచీర ఆరేస్తే సాయంత్రానికి బూడిదరంగులో తీసేది. మా నాన్న దగ్గి దగ్గి పోయాడు. ఇవన్నీ ఆయనకి తెలుసు. నేనే ఒకప్పుడు గొప్పగా చెప్పుకున్నాను. అందుకే ఆ కిటికీ దగ్గర ప్రతిసారీ సరేనని వచ్చేసేవాడిని.

ఇంట్లో మా ఆవిడ కళ్ళు పోతున్నాయి.

ఆమె బడిలో భూగోళం చెప్పేది. చూపు పక్కలనుంచి మూసుకొస్తోందని, నల్లబల్ల మీద చివరి అక్షరాలు కనబడటం లేదని ముందు చెప్పింది. తర్వాత మెట్లు తప్పింది. డాక్టరు దీపాలు వేసి, చుక్కలు చూపించి, చివరికి మందు లేదన్నాడు. నడిమి చూపు ఇంకొంత కాలం నిలుస్తుందని, ఏడాదో, ఆపైన కాస్తో అని చెప్పాడు. ఆ రోజు ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక ఆమె ఏడవలేదు. బట్టలు మడతపెడుతూ ఒకే ఒక్క కోరిక కోరింది.

“హిమానీనదం అని ముప్పై ఏళ్ళు పాఠం చెప్పానండీ. ఒక్కసారి కూడా చూడలేదు. ఒక్కసారి నా కళ్ళతో చూస్తే చాలు. తర్వాత అవి పోతే పోనీ.”

అదెంత పని, వెళ్దాం అన్నాను. ఈ సీజను కాగానే అన్నాను. మంచుకొండల ఊళ్ళు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఏ నెలలో దారి తెరుస్తారో అన్నీ ఆమెకి కంఠస్థం. ఆమె ఉన్ని స్వెట్టర్లు కొని బీరువాలో పెట్టింది. నేను సీజను వెనక సీజను మింగుతూ కూర్చున్నాను. తెల్లవారకముందే వెళ్ళడం, పొద్దుపోయాక రావడం, సెలవు రోజున దుంగలా పడి నిద్రపోవడం. మధ్యలో ఎప్పుడైనా కుర్చీ కాస్త జరిపానంటే, చెప్పులు గుమ్మంలో విడిచానంటే మా ఆవిడ నన్ను దులిపేసేది. వయసు పైబడుతోంది, చాదస్తం పెరుగుతోంది అనుకుని నాలో నేను నవ్వుకునేవాడిని.

చివరికి డైరెక్టరుకే జాలి కలిగిందో, పైవాళ్ళు గట్టిగా అడిగారో, నా తర్వాత పీతను పట్టడానికి ఒకామెను తెచ్చాడు. ఓడరేవులో క్రేను నడిపిన మనిషి. గాలివానలో కూడా పెట్టె నేలకి తగిలితే చప్పుడు రానిచ్చేది కాదట. రేవు పని యంత్రాలకి అప్పగించాక ఇలా వచ్చింది. అందరూ క్రేనమ్మ అనేవారు, ఆమె కూడా అలాగే పిలిపించుకునేది. నన్ను అన్నయ్యగారూ అంటుంది. చెప్పింది చెప్పినట్టు వింటుంది, అడ్డం మాట్లాడదు. నాకు నెత్తిన పాలు పోసినట్టయింది. ఇంటికెళ్ళి ఈసారి ఖాయమని చెప్పాను. మా ఆవిడ స్వెట్టర్లు బయటికి తీసి ఎండలో వేసింది.

అయితే క్రేనమ్మ పిడి పట్టినప్పుడల్లా పీత తూలేది. ఎంత తోస్తే కాలు ఎంత లేస్తుందో, కాలి కింద నేలలోకి దిగే మరను ఎంత బిగించాలో అన్నీ విడమరిచి చెప్పాను. ఆమె అలాగే చేసేది. పీత మాత్రం ఒక కాలు ఎత్తి, ఎటు వెయ్యాలో తెలియనట్టు ఆగిపోయేది. ఆమె చేతికి అదే అలవాటుపడుతుందిలే అని డైరెక్టరు ధైర్యం చెప్పాడు. అలా ఆగి ఆగి, ఒకనాడు గొయ్యి అంచున ఎత్తిన కాలు దించకుండా నిలబడిపోయింది. అంచు విరిగింది. వెనక కాళ్ళు రెండూ మసిలో, మంచులో మోకాళ్ళదాకా కూరుకుపోయాయి. ఇదంతా జరిగిపోయాక గాని మాకు కబురు రాలేదు. ఎర్రదీపం కింద కూర్చుని, అంతకుముందే ముగిసిపోయిన ప్రమాదాన్ని తెరమీద చూశాం.

“నేను చెప్పినట్టు చెయ్యకపోతే ఇలాగే ఏడుస్తుంది,” అన్నాను. అరికాలి మంట నెత్తికెక్కి ఉంది.

“మీరు చెప్పినట్టే చేశానన్నయ్యగారూ,” అంది క్రేనమ్మ. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు జాలి వెయ్యలేదు. నా ప్రయాణం ఆ గోతిలో పడిపోయింది, నాకు అదే కనబడుతోంది.

పీత బయటపడేవరకు నన్ను వదిలే ప్రసక్తి లేదని డైరెక్టరు ఎంతో మర్యాదగా చెప్పాడు. దాన్ని బయటికి తియ్యాలంటే ముందు గోళ్ళతో నేలను పట్టి ఒంటిని లాగాలి, అదే క్షణంలో వెనక కాళ్ళు తన్నాలి. లాగడం ఒక పిడి పని, తన్నడం రెండో పిడి పని. రెండు మాటలు జమిలిగా కట్టి, ఒకే మాటగా పంపాలి. అంటే రెండు కుర్చీల్లో ఇద్దరుండాలి. నా గోళ్ళు లాగేవి. క్రేనమ్మ కాళ్ళు తటపటాయించేవి. లాగుడికీ తన్నుడికీ పొత్తు కుదరక పీత ఇంకాస్త కూరుకుపోయేది. రెండు పిడులూ నేనే పట్టబోయాను. చేతులు రెండున్నా బుర్ర ఒకటే, అది కుదరలేదు. వారాల తరబడి ఇదే తంతు. మాట పంపడం, తాళం పడటం, ఎర్రదీపం, ఎదురుచూపు, తెరమీద అదే కాలు అదే మసిలో. ఇంటికెళ్ళి నేనేమీ చెప్పేవాడిని కాదు. ఆమె కూడా అడగడం మానేసింది. స్వెట్టర్లు మళ్ళీ బీరువాలోకి వెళ్ళిపోయాయి. నాకు కక్కలేక మింగలేక ఉండేది.

ఒకనాడు పొద్దున నేను బూట్లు వేసుకుంటుంటే, తనూ వస్తానంది. ఏళ్ళ తరబడి తనకంటే ఎక్కువగా నేను చూసుకుంటున్న ఆ రాయి ఎలా ఉంటుందో ఓసారి చూడాలంది. అందులో ఎగతాళి ఉంది, అయినా అడిగిన తీరులో ఇంకేదో కూడా ఉంది. నేను కాదనలేకపోయాను. డైరెక్టరుకి ఫోను చేస్తే సరేనన్నాడు, వద్దనే మొహం ఆయనకెక్కడుంది.

మంచి చీర కట్టుకుంది. వీధిలో నా మోచెయ్యి పట్టుకుని నడిచింది. చూపు సన్నబడినప్పటినుంచీ అలాగే నడుస్తుంది కనుక నాకేమీ కొత్తగా అనిపించలేదు. మా గదిలో కుర్చీల వెనక ఒక స్టూలు వేసి కూర్చోబెట్టాను. డైరెక్టరు కూడా ఫ్లాస్కుతో వచ్చి పక్కన నిలబడ్డాడు. క్రేనమ్మ వదినగారూ అంటూ పలకరించింది. వాళ్ళిద్దరూ నా కోపం గురించి నా ఎదుటే చెప్పుకుని నవ్వుకున్నారు. ఏమీ పట్టనట్టు కూర్చున్నాను.

మాట పంపేముందు మేము మీట నొక్కకుండా చేతులు ఆడించి చూసుకుంటాం. నేను తోశాను, క్రేనమ్మ తోసింది. మళ్ళీ నేను, మళ్ళీ ఆమె. అలా నాలుగైదుసార్లు అయ్యాక వెనకనుంచి మా ఆవిడ గొంతు వినబడింది.

“మీరు తోసేముందు వెనక్కి లాగుతున్నారు. ఆవిడ లాగట్లేదు.”

లేదన్నాను. నేను ఎప్పుడూ లాగలేదు, తెలియని విషయంలో వేలు పెట్టవద్దన్నాను. ఆమె నొచ్చుకోలేదు. నేను పిడి పట్టినప్పుడల్లా ముందు సన్నగా టిక్ మంటోందనీ, ఆ తర్వాతే తోసిన చప్పుడు వస్తోందనీ, క్రేనమ్మ పట్టినప్పుడు ఆ టిక్ రావడం లేదనీ చెప్పింది. డైరెక్టరు వంగి నా చేతిని చూడసాగాడు. క్రేనమ్మ కూడా తెర వదిలేసి నా చెయ్యే చూసింది. నాకు ఒళ్ళు మండి, చూడండి మరి అని తోశాను.

“లాగారన్నయ్యగారూ,” అంది క్రేనమ్మ. “వెంట్రుకవాసి. కానీ లాగారు.”

అప్పుడు గుర్తొచ్చింది. మొదటి రోజుల్లో ఉన్న పిడి వదులుగా ఉండేది. తోసేముందు ఒకసారి వెనక్కి లాగి ఆ వదులు తియ్యాల్సి వచ్చేది. ఆ పిడి మార్చి ఎన్నో ఏళ్ళయింది. కొత్తది బిగుతుగా ఉంది. చెయ్యి మాత్రం లాగుతూనే ఉంది. పీత ఆ లాగుడు కూడా నేర్చేసుకుంది. ముందు లాగితేనే అసలైన మాట, లాగకపోతే ఏదో పొరపాటు అని దాని లెక్క. అందుకే క్రేనమ్మ మాట విని కూడా, నిజంగానే కదలాలా వద్దా అని కాలెత్తి నిలబడేది. అన్నీ నేర్పాననుకున్నాను. నాకే తెలియనిది ఎలా నేర్పుతాను? క్రేనమ్మ వైపు తిరిగి, తప్పు నీది కాదమ్మా అన్నాను. ఆమె తల ఊపింది. పిడిని వెంట్రుకవాసి లాగడం పది నిమిషాల్లో పట్టేసింది.

ఇద్దరం కలిసి లాగాం, కలిసి తోశాం. మీట నొక్కాను. మాట వెళ్ళిపోయింది. తలుపు తాళం పడింది, ఎర్రదీపం వెలిగింది.

గదిలో నలుగురం. డైరెక్టరు ఫ్లాస్కులోంచి టీ పోశాడు. చాలా రోజుల తర్వాత నాకు టీ రుచి తెలిసింది. ఈ ఒక్క కబురు మంచిగా వస్తే పీత బయటపడుతుంది, నేనూ బయటపడతాను, నెల తిరక్కుండా మంచుకొండ కింద ఉంటాం. కుర్చీ వెనక్కి తిప్పి మా ఆవిడ వైపు చూశాను. ఆమె తెరకేసి మొహం పెట్టి కూర్చుంది. ఎంతో మురిపెంగా ఉంది ఆ మొహం. మమ్మల్ని మెచ్చుకోవాలనుకుందో, నన్ను సంతోషపెట్టాలనుకుందో.

“ఎంత తెల్లగా ఉందండీ మంచు,” అంది. “కళ్ళు చెదిరిపోతున్నాయి.”

డైరెక్టరు చేతిలో టీ గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగింది. క్రేనమ్మ నా వైపు చూసి వెంటనే తల దించుకుంది.

తెర మీద తెలుపన్నది లేదు. అక్కడ ఎప్పుడూ ఉండదు. తోకచుక్క నేల మసి. తవ్వినకొద్దీ వచ్చే మంచు కూడా మసి కలిసి బొగ్గురంగులోనే ఉంటుంది. పీత దీపం వేస్తే నల్లటి గడ్డలు, వాటి మధ్య ఇంకా నల్లటి నీడలు. నేను రోజూ చూసేది అదే. ఇంటికెళ్ళి మంచు తవ్వామని మాత్రం చెప్పేవాడిని. ఆ మంచు ఏ రంగులో ఉంటుందో ఇన్నేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదు, ఎవరైనా అడిగితే కదా.

నాకు లేచి పారిపోవాలనిపించింది. తలుపు మూసి ఉంది. మాట ఇంకా దారిలో ఉంది.

“అవును,” అన్నాను. “తెల్లగా ఉంది.”

ఆమె మొహంలో నవ్వు మెల్లగా తగ్గిపోయింది. తలను కాస్త పక్కకి వంచి మా నిశ్శబ్దాన్ని వింటున్నట్టు కూర్చుంది.

“తెల్లగా లేదు కదూ,” అంది.

“నల్లగా ఉంటుంది. బొగ్గులా. నీకెప్పుడూ చెప్పలేదు.”

“మంచు కదా అనుకున్నా.” ఆమె చేతులు ఒళ్ళో చీర కుచ్చిళ్ళను సవరించుకుంటున్నాయి. “తోకచుక్క అంటే మంచుముద్ద అని పిల్లలకి తెల్ల సుద్దతో గీసి చూపించేదాన్ని.”

నేను స్టూలు దగ్గరికి వెళ్ళి నేలమీద కూర్చున్నాను. ఆమె కళ్ళకెదురుగా చెయ్యి ఊపాలనిపించింది, ఊపలేదు. ఎప్పటినుంచి అని అడిగాను.

“మొన్న వానలు మొదలైనప్పుడు. పొద్దున్నే లేచి లైటు వేశాను. వెలగలేదు. కరెంటు పోయిందనుకున్నా.” తల పైకెత్తింది. “పోలేదు. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది.”

డైరెక్టరు గోడవైపు తిరిగాడు. తలుపు తెరుచుకునే వీలుంటే ఆయన ముందే వెళ్ళిపోయేవాడు. వాళ్ళిద్దరూ మా సంసారాన్ని వినక తప్పలేదు, మేము వాళ్ళముందు మాట్లాడక తప్పలేదు. ఆ గదిలో ఎవరికీ కదిలే దారి లేదు.

“నాకెందుకు చెప్పలేదు?” అన్నాను.

“చెబితే ఏం చేసేవారు? ఇక్కడ్నుంచి రాలేరు కదా. రాలేకపోయానని ఇక్కడ కూర్చుని కుమిలిపోతారు. అక్కడ నేనూ అదే పనిలో ఉన్నాను. ఇద్దరం కుమిలి ఏం లాభం?” ఆమె నా తల కోసం తడిమి, దొరికాక జుట్టు సవరించింది. “ఇంకొక్క సీజను అని మీరు చెబుతుంటే ఇంకా టైముంది కాబోలు అనిపించేది. ఆ మాట పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది.”

నేను ఆమె మోకాళ్ళమీద తల పెట్టుకుని ఏడ్చాను. పరాయివాళ్ళున్నారన్న స్పృహ కూడా లేదు. ఆమె ఏడవలేదు. వానలనాడే ఆమె ఏడుపు అయిపోయి ఉంటుంది. ఒక్కతే, ఆ ఇంట్లో, ఫ్యాను కింద. ఆ పొద్దున నేను ఎక్కడున్నానో నాకు బాగా తెలుసు. ఇక్కడే, ఇదే తెర ముందు, ఒక కాలు మర బిగిసిందా లేదా అని చూస్తూ ఉన్నాను.

ఎర్రదీపం ఆరింది. తాళం విడిచిన చప్పుడైంది. కబురు వచ్చింది.

తెరమీద పీత గోళ్ళు నేలను కరుచుకుని ఉన్నాయి, వెనక కాళ్ళు రెండూ గోతి అంచు మీద నిలబడి ఉన్నాయి. వాటి నుంచి మసి మెల్లగా రాలుతోంది. చప్పట్లు కొట్టాల్సిన సమయం. ఎవరూ కొట్టలేదు. క్రేనమ్మ కళ్ళు తుడుచుకుని, ఎవరూ చెప్పకముందే తన పిడి వెంట్రుకవాసి లాగి, మళ్ళీ తోసింది. ఈసారి ఒంటరిగా. మీట నొక్కేముందు ఆగి మా వైపు చూసి, తలుపు మూసుకునేలోగా వెళ్ళిపోండి అన్నయ్యగారూ అంది.

డైరెక్టరు మెట్లదాకా వచ్చాడు. రేపటినుంచి రావక్కర్లేదని, మిగతా సంగతులన్నీ తను చూసుకుంటానని చెప్పాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను. అది కూడా రాలేదు.

బయట మిట్టమధ్యాహ్నం. అంత వెలుగులో ఈ వీధిని చూసి ఎన్నాళ్ళయిందో. కొత్త దుకాణాలు వచ్చాయి, చెట్లు కొట్టేశారు, బస్సు ఆగే చోటు అటువైపుకి మార్చారు. ఆ సంగతి ఊళ్ళో తిరిగిన ఆమెకి తెలుసు, ఆఫీసు బండిలో చీకట్లో వచ్చిపోయే నాకు తెలియదు. బస్‌స్టాపులో బల్లమీద కూర్చున్నాం. టికెట్లు రేపే తీస్తానన్నాను. చలి తెలుస్తుంది, గాలి తెలుస్తుంది, హిమానీనదం కదిలేటప్పుడు చప్పుడు చేస్తుందని నువ్వే చెప్పావు కదా అన్నాను. మాటమీద మాట పేర్చుకుంటూ పోయాను. ఆమె చివరిదాకా విని, నా చెయ్యి తట్టింది.

“మీ పీత బయటపడింది,” అంది. “మీరూ బయటపడ్డారు. నేను పడలేదండీ. నన్ను కొన్నాళ్ళు ఇలా ఉండనివ్వండి. మంచుకొండ సంగతి ఇప్పుడు ఎత్తకండి.”

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. సరేనన్నాను.

బస్సు చప్పుడు లేకుండా వచ్చి ఆగింది. లోపల సీట్లున్నాయా అని అడిగింది. ముందు వరసలో రెండున్నాయని చెప్పి, చెయ్యి పట్టుకుని ఎక్కించాను. పెళ్ళయిన కొత్తలో మొదటిసారి బస్సెక్కినప్పటినుంచీ కిటికీ పక్క సీటు ఆమెదే. దానికోసం నాతో దెబ్బలాడేది, నిద్రలో కూడా వదిలేది కాదు, దారిలో కనబడిన ప్రతి గుట్టకీ వాగుకీ పేరు చెప్పేది. నేను అలవాటుగా పక్కకి తప్పుకుని దారి ఇచ్చాను.

ఆమె కదలలేదు. సీటు వీపు తడిమి చూసుకుని, నన్ను మెల్లగా లోపలికి తోసింది.

“కిటికీ పక్కన మీరు కూర్చోండి,” అంది.